నీళ్లడగని గడ్డి

నా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. మొక్కలు ఎట్లా పెరుగుతాయో చెప్పే పాఠం రేపు మొదలుపెడతానని సైన్సు అయ్యవారు అన్న రోజు సాయంత్రమే నేను బడి మానేశాను. అందుకే గడ్డి విషయంలో నాకంటే బర్రెకు ఎక్కువ తెలుసు. అది కనీసం తినైనా చూసింది. ఈ మాట ఇంట్లో అంటే నా భార్య పొయ్యి దగ్గర నుంచి తల కూడా తిప్పకుండా, "నువ్వు తినలేదని ఎవురు చెప్పినారు?" అంది.

అట్లాంటివాణ్ని, ఎండలు ముదురుతున్న రోజుల్లో పని పాడు చేసుకుని గడ్డి పెంచడానికి కూర్చున్నాను. చేలో అయితే మనుషులు మెచ్చుకునేవాళ్లు. నేను పెంచింది ఫోన్లో.

నేను ప్రొద్దుటూరులో బండలు పరిచే మేస్త్రీని. జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే నాపరాళ్లను ఇళ్లలో, వాకిళ్లలో, పెరళ్లలో పరుస్తాను. మావైపు మనిషి చేతిలో నాలుగు దుడ్లు పడగానే చేసే మొదటి పని మట్టి కనపడకుండా చేయడం. మట్టి వాకిలి ఉందంటే ఆ ఇంటివాళ్లు ఇంకా ఎదగలేదని లెక్క. మా ఇంటి వాకిలిని వేరే ఇళ్లలో మిగిలిన బండలతో నేనే గోడ నుంచి గోడకు పరిచాను. అతుకుల్లో చీమ దూరదు. కొళాయి పక్కన కొంచెం మట్టి వదిలితే మల్లె తీగ పెట్టుకుంటానని నా భార్య అడిగింది కానీ, అక్కడ కరెక్టుగా సరిపోయే ముక్క ఒకటి మిగిలింది. ఆమె కరివేపాకును, పుదీనాను ఖాళీ అయిన రంగు బకెట్లలో పెంచుకుంటుంది.

మా వీధిలోనే పుట్టి పెరిగిన స్నేహితుడు ఒకడు కువైట్‌లో ఒక పెద్దింట్లో కారు నడుపుతాడు. వాళ్ల నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. చిన్నప్పుడు మేమిద్దరం ఆ దూది కుప్పల్లో దూకి తన్నులు తినేవాళ్లం. అప్పటి నుంచి వాడికి నేను మామా, నాకు వాడు మామా. యజమాని పిల్లలు బడి నుంచి బయటికి వచ్చేదాకా వాడు కార్లో కూర్చుని ఉండాలి. ఆ ఖాళీలో ఈ ఆట పట్టుకున్నాడు. నా ఫోన్లో కూడా పెట్టించాడు.

ఆ ఆటలో అంతా దిమ్మెలే. మట్టి ఒక దిమ్మె, రాయి ఒక దిమ్మె, ఇసుక ఒక దిమ్మె. చెట్టు, గొర్రె, ఆఖరికి సూర్యుడు కూడా నలుచదరంగానే ఉంటాడు. తవ్వుకోవడం, మోసుకోవడం, పేర్చుకోవడం. "రసమట్టం అక్కర్లేని లోకం మామా. నీ వంకర పనికి సరిపోతాది" అన్నాడు వాడు.

నేల చదునుగా ఉందని ఆ ఆటలోని ఎడారిలో వాడు మా వీధిని కట్టాడు. వాళ్ల ఇల్లు, మా ఇల్లు, మూల మీద టీ అంగడి, వెనక మేము ఆడుకున్న ఖాళీ స్థలం. నిజం వీధిలో ఆ స్థలంలో ఇప్పుడు కళ్యాణ మండపం ఉంది. దాని నేల పరిచింది కూడా నేనే. ఆటలో మాత్రం ఖాళీగానే ఉంచాం. ఇసుకగా ఉంటే బాగాలేదని ఎక్కడి నుంచో మట్టి మోసుకొచ్చి పరిచాం. ఆ మట్టి అట్లాగే బోడిగా పడి ఉండేది.

రంజాన్‌కు సెలవు ఇస్తానని యజమాని వాడికి మాటిచ్చాడు. వాడు ఇంటికి చెప్పాడు, వీధికి చెప్పాడు, నా చేత వాళ్ల మెట్ల మీద పగిలిన బండ కూడా మార్పించాడు. పండగ దగ్గరికొచ్చాక ఆ పెద్దమనిషి, చుట్టాలొస్తున్నారు, కారు ఎవరు తోలుతారు అని సెలవు రద్దు చేశాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. వీడికి నోరెత్తే దారి లేదు.

నవ్వించేవాడికి కోపం రాదని జనం అనుకుంటారు. నాకు వచ్చిన కోపానికి ఆ రోజు కోస్తున్న బండ నా చేతిలోనే రెండు ముక్కలైంది. ఒకడి పండగలో కారు తిరగడానికి ఇంకొకడి పండగ ఆగిపోవాలా? ఫోన్లో ఆ యజమానిని నేను తిట్టిన తిట్లు అచ్చు వేస్తే కాగితం కాలిపోతుంది. మా వాడు అంతా విని, "నువ్వు ప్రొద్దుటూర్లో తిడితే ఆయనకు కువైట్లో ఏమైతాది మామా? దగ్గొస్తాదా?" అన్నాడు.

"నువ్వెట్ల నవ్వుతాండావురా?"

"ఏడిస్తే పంపిస్తాడా? ఇను మామా. పండగ నమాజు అయినాంక నాకు రోంత టైం దొరుకుతాది. ఆటలోకొస్తా. నువ్వు గూడా రా. మన గ్రౌండులో ఇద్దరం కూర్చుందాం. కానీ ఆ వట్టి మట్టి వద్దబ్బా. గడ్డి కావాల. ఈడ ఇసుక సూసి సూసి కండ్లు మండుతాండాయి. ఆటలో గూడా బోడినేలేనా?"

"అంతే కదా? పచ్చగా చేసి పెడతా పో" అన్నాను.

అంతే కదా అన్న ఆ నోటిని తర్వాత సిమెంటు పెట్టి పూడ్చుకోవాలనిపించింది.

నేను మొదట చేసింది ఏ మేస్త్రీ అయినా చేసే పనే. సరుకు ఉన్న చోటికి పోయి తెచ్చుకోవడం. ఎడారి దాటాక ఒక పచ్చటి గుట్ట ఉంది. దాని మీది గడ్డి దిమ్మెలను తవ్వి సంచి నిండా నింపుకుని వచ్చి పరిస్తే వట్టి మట్టి వచ్చింది. పచ్చదనం తవ్వేటప్పుడే ఎటో పోతుంది. చేతికి మట్టే దక్కుతుంది. మళ్లీ పోయాను, మళ్లీ మట్టే. గనిలో రాయి తీస్తే రాయే వస్తుంది. గడ్డి తీస్తే మట్టి రావడం ఏం న్యాయం? కువైట్‌కు ఫోన్ చేసి అరిచాను.

"గడ్డిని మోస్తే రాదు మామా" అన్నాడు వాడు తాపీగా. "అది పాకుతాది. పక్కన గడ్డుండాల, పైన వెలుతురుండాల. పక్కదాన్ని సూసి పక్కది పచ్చబడతాది. మంత్రమేసిన పార ఒకటి ఉంటే ఎత్తుకు రావచ్చంట గానీ, అది మన మొగాలకు దొరికేది కాదు."

"విత్తనం?"

"అక్కర్లే."

"నీళ్లు?"

"అదీ అక్కర్లే. మనిషుండాల. ఎవురో ఒకరు దగ్గర్లో నిలబడుకోకపోతే అది కదల్దు."

అట్లా నాకు దారి దొరికింది. ఆ పచ్చ గుట్ట నుంచి మా వీధిదాకా ఇసుకలో మట్టి దిమ్మెలను ఒకదానికొకటి తగిలేటట్టు వరసగా పేర్చాను. దారం కట్టి బండ పరిచే చేయి నాది, గీత గీసినట్టు వచ్చింది. ఆటలో చీకటి పడినా ఆగకుండా ఉండాలని వరస పొడవునా కాగడాలు పాతాను. ఇక పక్కన నిలబడి చూడడం. చూస్తూ ఉంటే మాత్రం మారదు. టీ గ్లాసు కోసం తల తిప్పితే, ఒక దిమ్మె పచ్చబడి ఉంటుంది. మళ్లీ చూస్తే ఏమీ లేదు. బీడీ ముట్టిస్తే ఇంకొకటి. ఇంత మెల్లగా నడవడం నేను ఒక్క కోర్టు కేసులోనే చూశాను.

నేను పనిలో ఉన్నా ఫోన్లో నా బొమ్మ అక్కడే నిలబడి ఉండాలి కాబట్టి, జమ్మలమడుగులో ఒక ఇంటి పెరడు పరుస్తూ ఫోన్‌ను సిమెంటు బస్తాకు ఆనించి, వాళ్ల ప్లగ్గులోనే చార్జింగు పెట్టాను. ఇంటావిడ మజ్జిగ ఇవ్వడానికి వచ్చి చూసింది.

"ఏమప్పా, పనికొచ్చినావా, ఫోన్ సూసేకొచ్చినావా?"

"గడ్డి కాస్తాండానక్కా."

"ఏంది?"

"ఈ ఫోన్లో గడ్డి పెరుగుతాంది. నేను పక్కనుండాల, లేకుంటే పెరగదు."

ఆమె వంగి చూసింది. కదలని ఒక బొమ్మ, దాని ముందు గోధుమరంగు నేల. "పెరట్లో గడ్డి రాగూడదని నిన్ను పిలిపిస్తే, నువ్వు నా కరెంటుతోనే గడ్డి పెంచుతాండావా? ఇను. ఈడ ఒక్క జానెడు మట్టి గూడా కనపడగూడదు. మట్టి ఉంటే గడ్డొస్తాది, గడ్డొస్తే పాములొస్తాయి."

"నా గడ్డిలో పాముల్లేవక్కా."

"నీ నోరుంది గదా, అది సాలు. గోడ వారకు ఆ సందు పూడ్చు. ఆ ఫోన్ మూసి లోపల పెట్టు. పనయ్యేదాకా అది నీ కంటికి కనపడితే నువ్వు నా కంటికి కనపడొద్దు."

పని పోగొట్టుకోలేను. పండగ వచ్చేస్తోంది. అప్పటికి పచ్చదనం ఎడారి దాటి టీ అంగడి మూలకు చేరింది. ఖాళీ స్థలంలో సగం పైగా పాకింది. నా బదులు పగలంతా ఆటలో నిలబడే మనిషి ఒకడు కావాలి. పగలంతా ఖాళీగా ఉన్నవాడు నాకు ఒక్కడే తెలుసు. నా బామ్మర్ది, నా భార్య తమ్ముడు.

వాడిది పులివెందుల దగ్గర తొండూరు వైపు పల్లె. చీనీ తోట, అదే బత్తాయి తోట ఉండేది. బోర్లు ఎండిపోయాయి. ఇంకా లోతుకు పోయారు, అవీ ఎండిపోయాయి. పోయిన ఏడాది చెట్లు కొట్టించి కట్టెలకు ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ నేల బోడిగా ఉంది. వాడు మంచం మీద ఉన్నాడు. ఫోన్ చేసి ఆటలోకి రప్పించి చెప్పాను.

"నీ పని ఒకటే. ఆడ నిలబడుకో. ఏదీ తాకొద్దు."

"ఉత్తగా నిలబడుకునేదానికి నేనెందుకు బావా? దిష్టిబొమ్మను పెట్టుకో."

"దిష్టిబొమ్మకు ఫోన్ వాడేది రాదు గదరా."

"సరే గానీ, ఈ మట్టి సూడు, ఎట్లా ఎండిపోయిందో. తడి పెట్టకుండా గడ్డి యాడొస్తాది?"

"ఈ గడ్డి నీళ్లడగదు."

"నీళ్లడగని గడ్డి నేను యాడా సూళ్ళేదు బావా."

"ఇప్పుడు సూడు. చేతులు కట్టుకోని సూడు" అని ఫోన్ పెట్టేసి, పోయి ఆ ఇంటావిడ చెప్పిన సందు పూడ్చాను.

మధ్యాహ్నం సంగటి తిని, ఆమె లోపల పడుకుందని తెలిశాక ఫోన్ తీశాను. గ్రౌండు లేదు. చెరువు ఉంది. ఈ మూల నుంచి ఆ మూలకు నీలంగా నీళ్లు, టీ అంగడి మెట్ల మీదికి కూడా ఎక్కాయి. ఆ ఆటలో నీళ్లు కప్పిన మట్టి మీదికి గడ్డి పాకదు. నిండుగా నీళ్లు నిలిస్తే ఉన్న గడ్డి కూడా చచ్చి మట్టి అవుతుంది. నీళ్ల కింద అంతా గోధుమరంగే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తలేనంత సంతోషంలో ఉన్నాడని తర్వాత తెలిసింది. తాపీ అక్కడే పడేసి బండి తీశాను. ముద్దనూరు మీదుగా తొండూరుదాకా దారి పొడవునా హెల్మెట్‌లో తిడుతూనే పోయాను. కువైట్‌లో పండగ మనకంటే ఒక రోజు ముందే వస్తుంది. అంటే నాకు మిగిలింది ఆ సాయంత్రమూ మరుసటి రోజూ.

వాడు తోట ఉన్న చోట, మిగిలిన ఒక్క చింత చెట్టు కింద మంచం వేసుకుని ఉన్నాడు. పక్కన ఎండిన బోరు పైపు, పిల్లలు రాళ్లు వేయకుండా మూతికి గోనెపట్ట కట్టి ఉంది. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"బావా, దీంట్లో నీళ్ల సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలా? రెండు బక్కెట్లు ఒక గుంతలో పోస్తే సాలు. ఇంగ ఎంత తోడినా తగ్గల్యా! తోడినా, తోడినా, తోడినా. తగ్గల్యా బావా! మోటరు లేదు, కరెంటు లేదు!"

"నిన్ను ఏదీ తాకొద్దన్యానా లేదా?"

"నీళ్లు పెట్టినా గదా?"

"నువ్వు పెట్టింది నీళ్లు కాదురా, నిప్పు! గడ్డంతా సచ్చిపోయింది. వాడు ఒక్క కోరిక కోరినాడు. ఒక్కటి! ఆ కువైట్ సేటు వాని పండగ తిన్యాడు, మిగిలిన గడ్డి నువ్వు తిన్యావు!"

"నీళ్లు పెడితే గడ్డి సస్తాదా?" వాడు నిజంగానే నమ్మలేదు. "ఈ ఆట కట్టినోడు యా ఊరోడు బావా? వానికి సేద్యం తెలీదు."

కొట్టాలనిపించింది. టైం లేదు. ఆటలో నీళ్లను బకెట్‌తో ఎత్తేయొచ్చు. "రా, ఇద్దరం తోడేద్దాం, సాయంత్రానికి అయిపోతాది" అన్నాను. వాడి మొహం మారిపోయింది. ఫోన్ మంచం మీద పెట్టాడు.

"నీళ్లు తోడి పారేసే పని నాకు సెప్పొద్దు."

"ఏందిరా?"

"నా సేత్తో కాదు బావా. ఏమన్నా అనుకో."

"ఆటరా అది! బొమ్మ నీళ్లు!"

"నీ గడ్డి గూడా బొమ్మ గడ్డే గదా. మరి నువ్వెందుకు పని ఇడిసిపెట్టి ఇంత దూరం వచ్చినావు?"

నేను వాడి మంచం మీద నుంచి వాడినే నెట్టేసి కూర్చుని, ఒక్కడినే బకెట్ తర్వాత బకెట్ ఎత్తుతూ పోయాను. ఆ నీళ్లకు అంతు లేదు. ఒక చోట ఎత్తితే పక్క నుంచి వచ్చి నిండేవి. వాడు నా వైపు చూడకుండా గోనెపట్ట తాడు బిగించుకుంటూ అవతల కూర్చున్నాడు. ఎండ తగ్గేవేళకు నేల బయటపడింది. మొదటి రోజు ఎట్లా ఉందో అట్లాగే, బోడిగా. టీ అంగడి అవతల, నేను పేర్చిన వరస చివర నీళ్లు ఎక్కని గట్టు మీద మాత్రం కొంచెం పచ్చ మిగిలి ఉంది. మళ్లీ దాని నుంచే మొదలు.

మరుసటి రోజంతా పనికి పోకుండా నిలబడ్డాను. ఇంటావిడ ఫోన్ చేసింది, జ్వరమన్నాను. "గడ్డి జ్వరమా?" అంది. గడ్డికి మాత్రం నా తొందర తెలియదు. పండగకు అది నాలుగు బెంచీలంత మేర పాకింది.

కువైట్‌లో పండగ రోజు ఉదయం మా గడపలో కూర్చుని ఆట తెరిచాను. వాడు వచ్చాడు. వాళ్లింటి తలుపు తీసుకుని, వీధిలో నడిచి, టీ అంగడి మలుపు తిరిగి ఆగాడు. కలిపి ఉంచిన ఫోన్ కాల్లో వాడి గొంతు వినపడింది.

"గడ్డేది మామా?"

నేను మొదలుపెట్టాను. బామ్మర్దిని, వాడి చెరువును, వాడి బోరును, వాడి తాతను కూడా తిట్టాను. మా వాడు ఆపాడు. "తిట్టేది తర్వాత. ఉండేది కొంచెం టైమే. ముందు కూర్చో."

ఆ గట్టు మీద ఉన్న పచ్చ ముక్కలో మా ఇద్దరి బొమ్మలు పక్కపక్కనే కూర్చున్నాయి. కాళ్ల ముందు అంతా మట్టే. వాడు ఏదో చెప్పబోతుంటే వెనక ఎవరో అరబ్బీలో గట్టిగా పిలిచారు. వాడు ఆ భాషలోనే వస్తున్నానన్నట్టు ఏదో అని, నాతో, "ఇసుక కంటే మేలేలే మామా. పండగ ముబారక్" అన్నాడు. వాడి బొమ్మ మాయమైంది. నా బొమ్మ ఒక్కటే గట్టు మీద మిగిలింది.

ఆ ఒక్క "మేలేలే" నా చెవిలో ఎండిన సిమెంటులా పట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మా వీధిలో పండగ. మా వాడి ఇంటి నుంచి బిర్యానీ గిన్నె, షీర్ కుర్మా గిన్నె వచ్చాయి. మూత తీస్తే వాడే గుర్తొచ్చి నాకు మళ్లీ మంట మొదలైంది. సరిగ్గా అప్పుడే నా బామ్మర్ది అక్కను చూసిపోదామని వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు. మిట్టమధ్యాహ్నం. నేను గడపకు అడ్డంగా నిలబడి వాణ్ని అక్కడే ఆపాను.

"రారా, చెరువు కట్టిన మారాజా! వాడు ఏడాదంతా ఇసుక సూస్తాండాడు. వానికి రోంత పచ్చ సూపిద్దామనుకుంటే అంతా ముంచినావు. సెప్పిన మాట ఇనవు, తెలిసినోని మాట ఇనవు. మట్టిని మట్టి మాదిరి ఉండనియ్యడం నీకు చేతకాదా?"

వాడు కాలుతున్న బండల మీద ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుతూ, ఎగిరెగిరి నిలబడుతున్నాడు. ఎక్కడ కాలు పెడదామా అని చుట్టూ చూశాడు. గోడ నుంచి గోడకు చూశాడు. కొళాయి పక్కన రంగు బకెట్లకు నీళ్లు పోస్తున్న వాళ్ల అక్కను చూశాడు. ఆమె చెంబు ఆపి నా వైపే చూస్తోంది.

"నేను పోసిన నీళ్లు నువ్వు ఒక్క సాయంత్రంలో తోడేసినావు బావా, ఆడ మళ్లా గడ్డొస్తాది" అన్నాడు వాడు, కాలు మార్చుకుంటూ. "మా అక్క వాకిట్లో నువ్వు పరిసిన ఈ బండలు ఎప్పుడు తోడుతావో సెప్పు."